పోయిన ఇరవై మాటలు

పోయిన మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలికి మా వీధిలో కరెంటు పోయింది. పోయి ఊరుకుంటే బాగుండేది. వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఆరు నెలలైంది. మార్పించండని ఆయనకి నేనూ, షాపుకెళ్ళేటప్పుడు గుర్తు చెయ్యమని నాకు ఆయనా చెప్పుకుంటూ కాలం గడిపేశాం. మా పాత కంప్యూటర్‌కేమో కరెంటు రాగానే దానంతటదే లేచి కూర్చునే అలవాటు. అది లేచినప్పుడల్లా నేనూ వెళ్ళి సగంలో ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి పోయాక విసుగొచ్చి, కొవ్వొత్తి వెలిగించి, చపాతీల పిండి కలుపుకున్నాను.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుంటే, పేజీ పైన పేరు వచ్చింది గానీ కింద మాటలు లేవు. ఒక్కటీ లేదు. వాటి బదులు ఒక ఇంగ్లీషు వాక్యం. టేబుల్ క్రాష్ అయినట్టు గుర్తు పెట్టి ఉంది, రిపేరు చెయ్యాలి, అని దాని సారాంశం.

ఏ మాటలో చెప్పకుండా ముందుకి వెళ్ళిపోతున్నాను కదూ.

మాది గుంటూరు వైపు. అత్తవారిది కోనసీమ. పెళ్ళయిన కొత్తల్లో అత్తయ్యగారు 'ఆ సిబ్బి ఇలా తే' అంటే నేను వంటింట్లో గుడ్లప్పగించి నిలబడ్డాను. సిబ్బి అంటే అన్నం గంజి వార్చేటప్పుడు గిన్నె మీద వేసే మూత అని అప్పుడే తెలిసింది. నేను సొరకాయ అంటే ఆవిడ ఆనపకాయ అనేవారు. పాలు దాలి మీద కాగేవనీ, పొద్దున్నే తరవాణి అన్నంలో ఆవకాయ నంజుకునేవాళ్ళమనీ ఆవిడ చెబుతుంటే, బి.ఏ. తెలుగు చదివిన నాకు సగం మాటలు కొత్తగా ఉండేవి. డిగ్రీలో శబ్దరత్నాకరం తిరగేశాం, బ్రౌను దొర నిఘంటువు గురించి పరీక్షలో వ్యాసం రాశాం. 1962లో సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో వచ్చినదాన్ని, మా లైబ్రరీలో ముట్టుకుని చూశాను కూడా. రైతులు నోటితో అనే మాటల కోసం పెద్ద పెద్దవాళ్ళు ఊళ్ళు తిరిగారు కదా, నా వంటింట్లోనే నడిచే పదకోశం ఉంటే నేను రాసుకోలేనా అనిపించింది. ఒక నోటుబుక్కులో మొదలుపెట్టాను. 412 మాటలకి అది నిండింది.

అప్పటికి మా పెద్దాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. 2012. కాలేజీలో ఏదో ప్రాజెక్టు చెయ్యాలి, అమ్మ మాటల పుస్తకమే చేసేస్తానన్నాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే ఎక్స్‌యాంప్ వేసి, మైఎస్‌క్యూఎల్‌లో ఒక టేబుల్ తయారుచేసి, నాకు ఒక పేజీ కట్టిచ్చాడు. అందులో గళ్ళు నాలుగే: మాట, అర్థం, ఎవరన్నారు, ఎలా అన్నారు. ప్రతి మాటకీ ఒక వరుస సంఖ్య దానంతటదే పడుతుంది. ఆ నాలుగో గడి నాది. నిఘంటువుల్లో ఉండనిది అదే. అత్తయ్యగారు ఆ మాటని ఏ సందర్భంలో, ఎవరిని తిడుతూ అన్నారో ఆవిడ మాటల్లోనే రాసేదాన్ని. వాడికి మార్కులొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, పుణె వెళ్ళిపోయాడు. నేను మాత్రం రోజుకొక మాట చొప్పున రాస్తూనే ఉన్నాను. 2018లో అత్తయ్యగారు వెళ్ళిపోయేనాటికి 2,200 దాటాయి. ఆ తరవాత చిన్నత్తయ్యగారి దగ్గరా, పెళ్ళిళ్ళలో కలిసిన పెద్దవాళ్ళ దగ్గరా విన్నవి కలిపి 2,318.

ఆ 2,318 మాటలూ ఇప్పుడు తెర మీద లేవు.

మావారు చూసి, 'పాత డబ్బా, ఫార్మాట్ కొట్టించేద్దాం, కొత్తగా పనిచేస్తుంది' అన్నారు. ఆయన మంచివాడే. కాఫీ గ్లాసు నా చేతిలో ఉంది కాబట్టి గట్టిగా కింద పెట్టి ఊరుకున్నాను.

ఆ టేబుల్‌ని చూపించే పేజీలో కింద 'రిపేర్ టేబుల్' అని ఒక మాట ఉంటుంది. నొక్కబోయాను కూడా. ఎందుకైనా మంచిదని పుణెకి ఫోన్ చేశాను. వాడు నిద్రగొంతుతో విని, ఒక్కసారి లేచి కూర్చున్నట్టున్నాడు. 'అమ్మా, ఏదీ నొక్కకు. ముందు కాపీ తియ్యి' అన్నాడు.

ఎందుకో తరవాత అర్థమైంది. రిపేరు అంటే నేను చిరిగిన చీరకి రఫ్ఫు చేయించడం లాంటిదనుకున్నాను. అది కాదు. తనకి చదవడానికి వచ్చినవాటిని ఉంచి, రానివాటిని పక్కన పారేసి, మిగిలినదాన్ని శుభ్రంగా సర్దిపెట్టడం. అంటే బియ్యం చెరగడం. రాళ్ళతో పాటు నాలుగు గింజలూ ఎగిరిపోతాయి, ఆ ఎగిరినవి మళ్ళీ చాటలోకి రావు. అందుకని చెరగకముందు ఉన్న బియ్యాన్ని, రాళ్ళతో సహా, ఇంకో డబ్బాలో పోసి దాచుకోవాలి.

వాడు చెప్పినట్టు ముందు మైఎస్‌క్యూఎల్‌ని ఆపేశాను. అది నడుస్తుండగా కాపీ తీస్తే సగం రాసిన కాగితం ఫొటో తీసినట్టవుతుందట. తరవాత దాని డేటా ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. నా ఆరేళ్ళ వంటింటి కబుర్లు, ఆ తరవాతి పెళ్ళిళ్ళ కబుర్లు అన్నీ కలిపి అందులో ఉన్నవి మూడంటే మూడు ఫైళ్ళు. ఒకదాని చివర ఎఫ్‌ఆర్‌ఎం, ఒకదాని చివర ఎమ్‌వైడి, ఇంకోదాని చివర ఎమ్‌వైఐ. మొదటిది గళ్ళు ఎలా ఉండాలో చెప్పే గీతల కాగితం. రెండోది అసలు మాటలు. మూడోది పుస్తకం చివర ఉండే అకారాది పట్టిక లాంటిది, ఏ మాట ఎక్కడుందో చెబుతుంది. పాడైంది పట్టిక మాత్రమే అయితే బెంగ లేదు, పుస్తకాన్ని మొదటినుంచి చదువుకుంటూ పోయి కొత్త పట్టిక రాసుకోవచ్చు. పుస్తకంలోనే పేజీలు చిరిగితే అది వేరే కథ.

ఏది పాడైందో తెలుసుకోడానికి 'చెక్ టేబుల్' అని అడగాలి. డాక్టరు దగ్గర నాడి చూపించుకోవడం అన్నమాట, దానివల్ల మాటలకి ప్రమాదం లేదు. అడిగాను. వాడకంలో ఉండగా సరిగ్గా మూయలేదు అని ఒక వరస. ఫైలు ఉండాల్సినంత పొడుగు లేదు అని రెండో వరస. పాడైంది అని మూడోది. రెండో వరస చదివి మావాడు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. పట్టిక ఒక్కటే కాదు, పుస్తకమూ చిరిగిందన్నమాట.

రిపేరు చేశాం. రెండు క్షణాలు పట్టింది. వచ్చిన జవాబులో చివర 'స్టేటస్ ఓకే' అని ఉంది. దానికి పైన, అదేదో పెద్ద విషయం కానట్టు, వరసల సంఖ్య 2,318 నుంచి 2,295కి మారింది అని ఉంది. ఇరవైమూడు మాటలు పారేసి ఓకే అనడం దానికే చెల్లింది. మావాడు 'ఎక్కువ పోలేదమ్మా, అదృష్టం' అన్నాడు. నూటికి ఒకటి పోయిందని వాడి లెక్క. నాకు ఆ లెక్క పనికిరాలేదు. 'ఆ ఇరవైమూడూ ఏవో నాకు కావాలి' అన్నాను.

దాచిన కాపీ ఉంది కదా. దాన్ని మళ్ళీ పెట్టి, మైఎస్‌క్యూఎల్‌ని ఆపి, ఈసారి ఇంకో పద్ధతి. నల్లటి కిటికీ తెరిచి మైఐశామ్‌చెక్ అనే దాన్ని 'సేఫ్ రికవర్' అనే రకంలో నడిపించాలి. పాతకాలపు పద్ధతి, నెమ్మదైనది, కానీ మొదటిదానికి అందనివి కొన్ని దీనికి అందుతాయట. వాడు అక్షరం అక్షరం చెబితే నేను కొట్టాను. 2,298 వచ్చాయి. మూడు మాటలు తిరిగొచ్చాయి. నాకు నవ్వొచ్చింది, పాతకాలపు పద్ధతి అన్నందుకు.

ఇంక ఇరవై. అవేవో తెలుసుకోవడం తేలికే. నేను తప్పులు దిద్దుతానే తప్ప ఒక మాటని తీసెయ్యను. కాబట్టి వరుస సంఖ్యల్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడొకటి పోయినట్టు. పాల లెక్క రాసుకునే కాగితం వెనక ఇరవై సంఖ్యలు రాసుకున్నాను. చూస్తే వాటిలో చాలామటుకు పక్కపక్కనే ఉన్నాయి, అవి గిన్నెల మాటలు. అప్పుడు వెలిగింది. కరెంటు పోయిన రోజు మధ్యాహ్నం నేను అటక శుభ్రం చేశాను. అత్తయ్యగారి ఇత్తడి సామాను దించి, చింతపండుతో తోమి, ఒక్కోదాని గురించి అప్పటిదాకా ఒకటిన్నర వాక్యం రాసినచోట పెద్ద పేరాలు రాస్తూ కూర్చున్నాను.

మావాడు చెప్పింది వినండి, ఇది నాకు చాలా రోజులు మనసులో తిరిగింది. ఈ రకం టేబుల్లో ఒక మాటకి మనం ముందు ఇచ్చినంత చోటే ఉంటుంది. తరవాత దాన్ని పెంచి రాస్తే ఆ చోటు చాలదు. అప్పుడు అది పెరిగిన ముక్కని తీసుకెళ్ళి ఫైల్లో ఇంకెక్కడో పెట్టి, మొదటి ముక్కలో 'మిగతాది ఫలానా చోట ఉంది' అని గుర్తు రాసుకుంటుంది. ఎన్నిసార్లు పెంచితే అన్ని ముక్కలు కావచ్చు. కరెంటు పోయినప్పుడు ఆ గుర్తు తెగిపోతే ముక్కలన్నీ ఉన్నా అవి ఒకదానివని దానికి తెలియదు, పారేస్తుంది. ఒకసారి రాసి మళ్ళీ ముఖం చూడని మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. నేను పదే పదే వెళ్ళి దిద్దుకున్నవే పోయాయి.

'అయితే ముక్కలు ఉంటాయా?' అన్నాను. 'ఉండొచ్చమ్మా. కానీ వెతకడం నీవల్ల కాదు' అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఎమ్‌వైడి ఫైలుకి ఇంకో కాపీ తీసి, దాన్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచాను. మొదట భయమేసింది. పిచ్చి గుర్తులు, నల్లటి చిన్న పెట్టెలు, వాటి మధ్య ఉన్నట్టుండి అత్తయ్యగారి మాట. 'అదేవిటే, గుండిగలో నీళ్ళు పోసి మూతెట్టకుండా వచ్చేశావ్' అని. మళ్ళీ పిచ్చి గుర్తులు. మళ్ళీ ఇంకెవరి మాటో సగం. చీకట్లో ఇల్లంతా తిరుగుతూ ఒక్కో గది దగ్గర ఒక్కో గొంతు విన్నట్టుంది.

మూడు రోజులు అదే పని. పొద్దున్న వంటయ్యాక కూర్చుంటే మళ్ళీ సాయంత్రం పాలు కాచేదాకా లేచేదాన్ని కాదు. పోయిన మాటలో నాకు గుర్తున్న అక్షరాలు కొట్టి వెతకడం, దొరికిన ముక్క ఎక్కడ తెగిందో చూడడం, ఆ తరవాత వాక్యం ఎలా మొదలై ఉంటుందో ఆలోచించి దాన్ని వెతకడం. ముక్కల్లో కొన్ని ఫైలు చివర్లో ఉన్నాయి, అక్షరం మధ్యలో కూడా తెగినవి ఉన్నాయి, కొమ్ము ఒకచోట, హల్లు ఒకచోట. అయినా నేను రాసిందే కదా, నా వాక్యం నాకు తెలుస్తుంది. అత్తయ్యగారి వాక్యం మరీ తెలుస్తుంది. ఆ మూడు రోజులూ మావారు మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు, ఒక్క మాటా అనలేదు. బ్యాటరీ మాత్రం రెండో రోజే తెచ్చి వేయించారు.

పదకొండు మాటలు పూర్తిగా దొరికాయి. అయిదు సగం సగం దొరికాయి. నాలుగింటి చోట ఏమీ లేదు, వరసగా నల్లటి పెట్టెలు, ఒక్కోదాంట్లో ఎన్ యూ ఎల్ అనే అక్షరాలు. సున్నా అని అర్థమట.

సగం దొరికిన అయిదింటిలో రెండు నా పాత నోటుబుక్కులో ఉన్నాయి. మిగతా మూడింటికి అమలాపురం ఫోన్ చేశాను, చిన్నత్తయ్యగారికి. అత్తయ్యగారి చెల్లెలు, ఎనభై దాటాయి, చెవులు బాగానే పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. చుట్టకుదురు గురించి దొరికిన సగం వాక్యం చదివి, తరవాత అత్తయ్యగారు ఏమనేవారండీ అని అడిగాను.

'మా అక్క అలా అనదే' అన్నారు.

'నేను రాసుకున్నానండీ.'

'నువ్వు తప్పు రాసుకున్నావు. గడ్డితో చుడితే చుట్టకుదురు, దానిమీద కుండ కూర్చోబెడతాం, అంతే. నువ్వేదో కవిత్వం రాశావు.'

రాసి ఉంటాను. బి.ఏ. తెలుగు జబ్బు. ఆవిడ చెప్పినట్టే దిద్దాను, కానీ 'ఎవరన్నారు' అన్న గడిలో అత్తయ్యగారి పేరు తీసి ఈవిడ పేరు పెట్టాను. చిన్నత్తయ్యగారికి ఆ సంగతి చెబితే, 'అయితే ఇంకేవైనా అడుగు' అన్నారు, గొంతులో హుషారుతో.

ఇక ఏమీ దొరకని నాలుగు. 1106, 1107. వీటికి ముందు గుండిగ, తరవాత మరచెంబు ఉన్నాయి. వంటింటి గట్టు మీద, తోమి ఆరబెట్టిన వరసలో గుండిగ, కాగు, గంగాళం, మరచెంబు ఇంకా అలాగే ఉన్నాయి. కాబట్టి మాటలేవో తెలిసిపోయింది. వాటి గురించి అత్తయ్యగారు ఏమన్నారో మాత్రం పోయింది. కాగు అడుగున ఒక సొట్ట ఉంది. ఆ సొట్ట ఎలా పడిందో ఆవిడ చెప్పారు, నేను రాశాను, ఇప్పుడు నాకు గుర్తు లేదు. రాసుకున్నాను కదా అన్న ధైర్యంతో మర్చిపోయాను. చిన్నత్తయ్యగారిని అడిగితే 'మా అక్కకి కోపమొస్తే గిన్నెలే కదా' అన్నారు. అది రాసుకున్నాను.

2187కి ఏ ఫైలూ అక్కర్లేదు. తెమలడం. మా వైపు కూడా అంటారు ఆ మాట, పని తెమిలిందా అని. కానీ ఆసుపత్రిలో ఆ చివరి వారంలో, నర్సు వచ్చి ఎలా ఉందమ్మా అంటే, అత్తయ్యగారు నావైపు చూసి, 'నేను తెమిలానమ్మా, ఇది ఇంకా తెమల్లేదు' అన్నారు. నా చేతిలో ఆవిడ దువ్వెన ఉంది, జడ సగంలో ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి రాశాను. అప్పుడు ఒక్క వాక్యమే రాయగలిగాను. తరవాత ఎన్నిసార్లు వెళ్ళి ఎంత పెంచానో లెక్క లేదు. ఆ పెంచినదంతా పోయింది, ఈసారి మళ్ళీ ఆ ఒక్క వాక్యమే రాశాను.

జూన్‌లో పెద్దాడు వచ్చినప్పుడు ఆ టేబుల్‌ని ఇన్నోడీబీ అనే రకానికి మార్చాడు. 2012లో ఏదో పాత పుస్తకం చూసి కాపీ కొట్టాననీ, అప్పటికే మైఎస్‌క్యూఎల్ తనంతట తాను ఇన్నోడీబీనే వాడుతోందనీ, తను పనిగట్టుకుని పాతరకం అడిగి వేశాననీ ఒప్పుకున్నాడు. ఈ రకం ముందు చిత్తులో రాసుకుని తరవాత ఫెయిర్ చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే లేచాక చిత్తు చూసుకుని సర్దుకుంటుంది. మార్కులు వేసిన మేష్టారికి ఈ సంగతి తెలియదు కాబోలు.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండకూడదని కూడా చెప్పాడు. డిస్కే పోతే ఏ రకమైనా ఒకటే. అందుకని శనివారం శనివారం మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో మొత్తం మాటల్ని ఒక మామూలు ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాను. ఒకటి బీరువాలో, ఒకటి మా చెల్లెలింట్లో. మొదటి శనివారం తీసినదాన్ని మావారి లాప్‌టాప్‌లో ఎక్కించి చూస్తే తెలుగంతా ఫ్రెంచి అక్షరాల్లా వచ్చి గుండె ఆగినంత పనైంది. చదివే పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పకపోవడం వల్లట. చెప్పగానే తెలుగైంది. అలా కాకుండా అన్నీ ప్రశ్నార్థకాలు వచ్చి ఉంటే నిజంగానే పోయినట్టట. మీరెవరైనా ఇలాంటివి దాచుకుంటుంటే, దాచి ఊరుకోకండి, ఒకసారి తీసి చూసుకోండి. ఆవకాయ జాడీ మూడో రోజు మూత తీసి కలుపుతాం కదా.

నాలుగోది 1873. దాని ముందు ముసురు, తరవాత చూరునీళ్ళు. రెండూ ఒకేరోజు, అత్తయ్యగారు వసారాలో కూర్చుని వాన చూస్తూ చెప్పినవి. మధ్యలోది కూడా వాన మాటే అయి ఉండాలి. తుప్పరా? అది వేరే సంఖ్యలో ఉంది. జల్లు, గాలివాన, అన్నీ ఉన్నాయి. చిన్నత్తయ్యగారికి తెలిసిన వాన మాటలన్నీ చెప్పించుకున్నాను, ఒక్కోటీ వెతికితే ఒక్కోటీ ఉంది. ఆవిడకీ పట్టుదల వచ్చింది. 'ఉత్తినే అడిగితే రాదే. వానలో కూర్చుంటే అదే నోటికొస్తుంది. వాన పడేటప్పుడు చెయ్యి' అన్నారు.

నిన్న మధ్యాహ్నం ఇక్కడ మబ్బుపట్టి ధారగా కురిసింది. కంప్యూటర్ కట్టేసి, ఫోన్ తీసుకుని, 'అక్కడ పడుతోందాండీ' అన్నాను.

'లేదే, ఎండ దంచేస్తోంది. వడియాలు పెట్టాం' అన్నారు.